కమ్షాత్ వేసిన చక్కెర లెక్క

పెళ్ళి విందులంటే కమ్షాత్‌కు భయం పట్టుకుంది. పాటలంటే ఇష్టమే, ఆటలంటే ఇష్టమే, గుర్రపు మాంసం పళ్ళెం వస్తే అందరికంటే ముందు చెయ్యి చాపేదీ ఆమే. కాని ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఎవరో ఒకరు ఏం చదువుతున్నావని అడగకుండా ఊరుకోరు. జన్యుశాస్త్రం అని నోరు జారిందంటే ఇక తినడం అయిపోయినట్టే. మామయ్యలు, పెదనాన్నలు, వాళ్ళ వియ్యంకులు కుర్చీలు దగ్గరికి లాక్కునేవారు. మా వంశం చెంగిజ్ ఖాన్ దాకా పోతుందా అని ఒకరు. పక్క జిల్లావాళ్ళు మాకంటే పెద్ద శాఖ అని డబ్బా కొట్టుకుంటున్నారు, అది అబద్ధమని రక్తంలో తేల్చిపెట్టమని ఇంకొకరు. తను చూసేది వంశాలు కాదనీ, రోగాలనీ, అవి కూడా మనుషుల్లో కాక కంప్యూటర్‌లో చూస్తాననీ ఆమె చెప్పేసరికి అందరి ముఖాలూ వాడిపోయేవి. తరాజ్‌లో ఒక పెళ్ళిలో వరసకు తాతయ్యే ఒకాయన, "అంటే డాక్టరువి కూడా కాదన్నమాట" అని జాలిపడి, ఆమె పళ్ళెంలో ఇంకో మాంసం ముక్క వేశాడు.

నిజానికి జన్యువుల మీద ఆమెకు మొదటినుంచీ ప్రేమేమీ లేదు. కజఖ్ దేశపు దక్షిణాన ఫాస్ఫేటు గనుల ఊరు ఝనాతాస్ ఆమెది. సగం ఇళ్ళు కిటికీలు ఊడిపోయి ఖాళీగా నిలబడి ఉండే ఊరు. తండ్రి గనిలో కరెంటు పని చేసేవాడు. కూతురికి లెక్కలు బాగా వస్తున్నాయని అల్మాటీ పంపాడు. అక్కడ లెక్కల డిగ్రీ పూర్తి చేసి డాక్టరేటు చేద్దామంటే ఆ విభాగంలో ఆ ఏడు చోటు లేదు. పక్క జన్యుశాస్త్ర ఇన్‌స్టిట్యూట్‌లో ఒరిన్‌బసార్ ప్రొఫెసరుకు లెక్కలు తెలిసినవాళ్ళు కావాలని ఎవరో చెబితే వెళ్ళింది.

డెబ్భైకి దగ్గరపడిన ఒరిన్‌బసార్‌ను అందరూ అగాయ్, అంటే మాస్టారు, అనేవారు. పండ్ల ఈగలను పెంచి, ఊరూరా తిరిగి రక్తం గ్రూపులు లెక్కబెట్టి పేరు తెచ్చుకున్న మనిషి. చెడ్డవాడు కాదు. విద్యార్థులకు అద్దె గదులు ఆయనే వెతికిపెట్టేవాడు, జ్వరమొస్తే ఇంటినుంచి పులుసు పంపించేవాడు. కాని కంప్యూటర్ అనే వస్తువు ఆయన దృష్టిలో బట్టలు ఉతికే యంత్రంలాంటిది. మురికి బట్టలు వెయ్యాలి, బటన్ నొక్కాలి, తీసి ఆరెయ్యాలి. కమ్షాత్ చేరినప్పటినుంచీ ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "నొక్కావా?"

ఆమెకు ఇచ్చిన పని షుగరు జబ్బు. దక్షిణాది జిల్లాల్లో కొన్నేళ్ళ కిందట సేకరించిన రక్తం నమూనాలు ఇన్‌స్టిట్యూట్ ఫ్రీజర్లలో ఉన్నాయి. కొందరు షుగరు ఉన్నవాళ్ళు, కొందరు లేనివాళ్ళు. ప్రతి మనిషి జన్యువుల్లోనూ అక్కడక్కడా చిన్న చిన్న తేడాలుంటాయి. ఒక్కొక్క తేడా జబ్బు వచ్చే అవకాశాన్ని చీమంత పెంచుతుంది, లేదా చీమంత తగ్గిస్తుంది. లక్షల తేడాల చీమలన్నిటినీ కూడితే ఒక స్కోరు వస్తుంది. పుట్టిన రోజునే చూసి ఈ బిడ్డకు పెద్దయ్యాక షుగరు వస్తుందో రాదో చెప్పవచ్చని ఆశ. ఏ తేడాకు ఎంత విలువ ఇవ్వాలో యూరప్‌లో ఎప్పుడో లెక్కగట్టి పెట్టారు. ఆ విలువలు తెచ్చి మనవాళ్ళకు వర్తింపజేస్తే చాలునని అగాయ్ ఉద్దేశం.

చాలకపోవడం మొదటి చలికాలంలోనే తెలిసింది. యూరప్ విలువలను బట్టి చూస్తే ఝంబీల్ జిల్లా గొర్రెలకాపరులందరికీ షుగరు రావలసిందే. గిన్నె గిన్నెకూ పంచదార దట్టించి పాల టీ తాగుతూ తొంభై దాటి బతుకుతున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. అది సరిచూద్దామంటే ఇన్‌స్టిట్యూట్ పెద్ద కంప్యూటర్ సహకరించేది కాదు. అది నేలమాళిగలో, క్యాంటీన్ సామాన్ల గది పక్కన ఉండేది. క్యాంటీన్‌లో బౌర్సాక్‌లనే పిండి ఉండలు వేయించడానికి నూనె యంత్రం పెట్టినప్పుడల్లా కరెంటు పడిపోయి, మూడు రోజులుగా నడుస్తున్న లెక్క మొదటికి వచ్చేది. ఆమె వెళ్ళి మొత్తుకుంటే, క్యాంటీన్ పెద్దావిడ వేడి బౌర్సాక్‌లు పొట్లం కట్టి చేతిలో పెట్టేది. వేయించడం మాత్రం మానేది కాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి. నమూనాల్లో సగం పాత యంత్రం చదివింది, సగం కొత్త యంత్రం. డీఎన్ఏలో రెండు పోగులుంటాయి, ఒకదానికొకటి ఎదురెదురు అక్షరాలతో. పాత యంత్రం ఒక పోగును చదివి రాసింది, కొత్తది చాలాచోట్ల ఎదుటి పోగును చదివి రాసింది. ఆ సంగతి కనిపెట్టకుండా కూడితే జబ్బును పెంచే తేడా తగ్గించేదిగా లెక్కలోకి ఎక్కుతుంది. ఏ చోట ఏ పోగో ఒక్కొక్కటీ తేల్చుకోవాలి. తేల్చుకునేదాకా ఈ స్కోరును ఎవరికీ చూపించవద్దని కమ్షాత్ అగాయ్‌కు చెప్పింది. ఆయన తల ఊపాడు. అప్పుడాయన ఫోనులో మనవరాలి ఫొటోలు చూసుకుంటున్నాడని ఆమె గమనించింది గాని, వినే ఉంటాడనుకుంది.

ఆ రోజుల్లో ఆమె రిమ్మా త్యాన్ అనే కొరియన్ ముసలమ్మ ఇంట్లో గది తీసుకుని ఉండేది. పచ్చ బజారులో రిమ్మా క్యారెట్ పచ్చళ్ళు అమ్మేది. కారం, వెల్లుల్లి, వెనిగర్ వాసన ఆమెకంటే ముందు ఇంట్లోకి వచ్చేది. నోరు మహా చురుకు. కమ్షాత్ కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంటే, "ఏంటే, ఇవాళ కూడా జన్యువులు మాట వినలేదా?" అని నవ్వి, ముందు ఒక గిన్నెలో అన్నం పెట్టేది.

వసంతం వచ్చేసరికి రిమ్మా ఎండిపోవడం మొదలుపెట్టింది. గౌన్లు వదులయ్యాయి. నీళ్ళ జగ్గు పక్కన లేనిదే కూర్చోదు. కాలి చిటికెన వేలి దగ్గర బూటు కరిచిన పుండు ఎంతకీ మానదు. షుగరు జబ్బు మీద డాక్టరేటు చేస్తున్న పిల్లకు ఇది చూసి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఒక ఉదయం టీ దగ్గర, పాలీక్లినిక్‌కు వెళ్ళి రక్తం చూపించుకుందాం రమ్మంది.

"ఎందుకే? చూపించుకున్నాగా."

"ఎక్కడ చూపించుకున్నావమ్మా?"

"మీ అగాయ్ దగ్గరే. బజారు ఎదురుగా కొత్త ల్యాబ్ పెట్టారు కదా, అద్దం మీద ఆయన బొమ్మ కూడా ఉంది. గొట్టంలో ఉమ్మి ఇచ్చా. నాకు షుగరొచ్చే భయం చాలా తక్కువట. పుట్టుకతోనే నా రక్తం మంచిదట. నీకు చెబితే పొంగిపోతావనుకున్నా."

కమ్షాత్ చేతిలో టీ గిన్నె బల్ల మీద పెట్టింది. తరువాత కోటు తెచ్చి రిమ్మా భుజాల మీద వేసి, బజారుకు ఆలస్యమవుతోందని ఆమె గొణుగుతున్నా వినకుండా పాలీక్లినిక్‌కు నడిపించింది. అక్కడ నర్సు వేలు గుచ్చి చూసి, యంత్రం పాడైందేమోనని ఇంకో యంత్రం తెచ్చి మళ్ళీ గుచ్చింది. డాక్టరమ్మ కాలు చూసి ఇద్దరినీ కలిపి తిట్టింది. ఇంతకాలం ఏం చేస్తున్నారు, ఇంట్లో చదువుకున్న పిల్ల ఉండి కూడా ఇదేమిటి అని. చదువుకున్న పిల్ల నేల చూపులు చూస్తూ నిలబడింది. రిమ్మాను ఆ రోజే ఆసుపత్రిలో చేర్చారు. చిటికెన వేలు తీసెయ్యవలసి వచ్చింది.

మర్నాడు కమ్షాత్ ఆ ల్యాబ్‌కు వెళ్ళింది. అద్దం మీద నిజంగానే అగాయ్ నవ్వుతూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ల్యాబ్ యజమాని యెర్లిక్ ఒకప్పుడు ఆయన విద్యార్థి. మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. స్కోరు ఎక్కడిదని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు: అగాయే ఇచ్చాడు, మీ ఇన్‌స్టిట్యూట్‌దే, మీ పేరు కూడా చెప్పాడు, చాలా గొప్ప పని. పోగుల తిరకాసు సరిచెయ్యకముందు కమ్షాత్ పక్కన పడేసిన మొదటి లెక్క అది. దాన్ని బట్టే అన్ని రిపోర్టులూ ఇచ్చేశారు.

ఆ రిపోర్టులు తప్పు, వెంటనే ఆపాలి అంది ఆమె.

"ఇంతవరకూ ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదండీ" అన్నాడు యెర్లిక్.

"నీకు జబ్బు రాదు పొమ్మని రాసిస్తే ఎవరు ఫిర్యాదు చేస్తారు?"

యెర్లిక్ దానికీ నవ్వి, అగాయ్ చెబితే ఆపేస్తానన్నాడు. ఆమె తిన్నగా ఇన్‌స్టిట్యూట్‌కు పోయింది. అక్కడి నైతిక సంఘం కార్యదర్శి అంతా సానుభూతితో విని, ప్రొఫెసరు మీద ఫిర్యాదు తీసుకోవాలంటే దరఖాస్తు మీద విద్యార్థి గైడు సంతకం ఉండాలంది. గైడు ఆ ప్రొఫెసరే కదా అంటే, అవును, అదే ఇబ్బంది అంది.

ఇక మిగిలింది అగాయే. ఆయన గదిలోకి వెళ్ళేటప్పటికి కమ్షాత్‌కు కోపం గొంతు దాకా వచ్చి ఉంది. ఆయన ఎప్పటిలాగే టీ పోసి, మిఠాయిల పళ్ళెం ముందుకు తోశాడు. రిమ్మా సంగతి చెబితే నొచ్చుకున్నాడు. ఆసుపత్రిలో తనకు తెలిసిన డాక్టరుకు ఫోను చేస్తానన్నాడు. స్కోరు మాటకు మాత్రం ముఖం బిగుసుకుంది.

"అయిపోయిందని నువ్వే చెప్పావు కదమ్మా."

"నడుస్తోందని చెప్పాను, అగాయ్."

"నడిచేది ఎప్పుడో అప్పుడు చేరుతుంది కదా. యెర్లిక్ నా చేతుల్లో పెరిగినవాడు. వాడికిస్తే పరాయివాళ్ళకిచ్చినట్టా?"

ఆమె తెచ్చిన కాగితం బల్ల మీద పరిచింది. షుగరున్నవాళ్ళ స్కోర్లు ఒక గుట్ట, లేనివాళ్ళ స్కోర్లు ఒక గుట్ట. రెండు గుట్టలూ విడివిడిగా ఉండాలి. ఇక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కిందటి వారమే పోగుల తిరకాసంతా సరిచేసి మళ్ళీ లెక్కగట్టింది. అప్పుడూ దాదాపు అంతే. అంటే తప్పు పోగులది మాత్రమే కాదు. ఎక్కడివాళ్ళ విలువలో తెచ్చి ఇక్కడివాళ్ళ మీద పెడితే అతకలేదు, కొరియన్ ముసలమ్మ మీద అసలే అతకలేదు. ఇదంతా ఆమె చెబుతుంటే అగాయ్ కాగితం వైపు కాక కిటికీలోంచి కొండల వైపు చూస్తున్నాడు.

"ఒక్క ముసలమ్మను పట్టుకుని శాస్త్రాన్ని తీసిపారెయ్యకూడదు. ఒక్కరితో ఏదీ రుజువు కాదు. ఈ మాట నీకు నేర్పింది నేనే."

"అయితే ఎంతమందిని చూపిస్తే ఈ కాగితం చూస్తారు?"

ఆ గొంతుకు ఆయనకు చిరాకు పుట్టింది. కొత్త యంత్రం వచ్చిన రోజు పరీక్షగా చదివించిన మొదటి రక్తం తనదే. షుగరు వచ్చి ఇరవై ఏళ్ళయింది, మాత్రలు ఆ సొరుగులోనే ఉంటాయి, ఇన్‌స్టిట్యూట్‌లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు.

"పోయి నాది చూడు. చూసి, నాకు షుగరుందో లేదో నీ స్కోరునే చెప్పమను" అన్నాడు.

కమ్షాత్ ఆయన బల్ల మీదే కంప్యూటర్ తెరిచింది. ముందు యెర్లిక్‌కు ఇచ్చిన లెక్కతో చూసింది. తరువాత సరిచేసిన లెక్కతో చూసింది. తెరను ఆయన వైపు తిప్పింది. మొదటిదాని ప్రకారం అగాయ్ ఊరందరిలోకీ షుగరు రాని మనిషి. రెండోదాని ప్రకారం మధ్యస్థం, రావచ్చు, రాకపోవచ్చు.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "ఇది తప్పు" అన్నాడు.

"అవునండీ" అంది కమ్షాత్. "పొద్దున్నించీ నేను చెబుతున్నది అదే."

ఒక్కరితో ఏదీ రుజువు కాదని ఆమెకూ తెలుసు. కాని ఆ ఒక్కరూ తానే అయ్యాక అగాయ్ కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు. రెండు గుట్టల మీదా వేలు పెట్టి చూశాడు. ఈగల రోజుల్లో లెక్కలు చూసిన కన్నే అది, చూడదలుచుకుంటే చూడగలదు. ఏ జిల్లావాళ్ళు ఎటున్నారని అడిగాడు, నడుము కొలతలు తీసుకున్నారా అని అడిగాడు. ఇన్నాళ్ళలో ఆయన అడిగిన మొదటి సరైన ప్రశ్నలవి. ఆమెకు సంతోషం కలగాలి. కలగలేదు, ఒళ్ళు మండింది. ఇవే ప్రశ్నలు కిందటి శీతాకాలం అడిగి ఉంటే రిమ్మా కాలికి అయిదు వేళ్ళూ ఉండేవి. ఆ మాట పైకే అనేసింది. అగాయ్ ఫోను తీసి యెర్లిక్‌తో మాట్లాడాడు. ముందు తన బొమ్మ తీసెయ్యమన్నాడు. బొమ్మ సంగతి తరువాత, రిపోర్టు తీసుకున్న ప్రతివాళ్ళకూ చెప్పించండి అని కమ్షాత్ పట్టుబట్టింది. ఆయన ఆమె ముఖం చూసి, ఆ మాటా చెప్పాడు.

చెప్పడమంటే మళ్ళీ కమ్షాతే చెప్పవలసి వచ్చింది. తప్పెక్కడుందో యెర్లిక్ ల్యాబ్ పిల్లలకు తెలియదు. ఆ వారమంతా ఆమె వాళ్ళ గదిలో ఒక మూల కూర్చుని ఫోన్లు చేసింది. జబ్బు రాదన్నవాళ్ళు వస్తుందేమోనని చెబితే విసుక్కున్నారు. వస్తుందన్నవాళ్ళు చెప్పలేమంటే ఇంకా విసుక్కున్నారు. ఒకాయన ఆ రిపోర్టు చూసి రొట్టె, మిఠాయిలు, చివరికి కూతురి పెళ్ళి కేకు కూడా మానేశాడట. ఆ కేకు ఇప్పుడెవరు తెచ్చిస్తారని నిలదీశాడు. కేకు తేలేనుగాని పాలీక్లినిక్‌లో రక్తం చూపించుకోమని ప్రతివాళ్ళకూ ఒకటే చెప్పింది. చూపించుకున్నవాళ్ళలో కొందరికి నిజంగానే షుగరు బయటపడింది. ఒకావిడ భర్త ల్యాబ్‌కు వచ్చి, కృతజ్ఞతలు చెప్పాలో తిట్టాలో తేల్చుకోలేక గుమ్మంలో నిలబడి, టోపీ తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇక ఆమె డాక్టరేటు సంగతి. స్కోరు తయారు చెయ్యడం అన్న విషయం మీద ఇంక ఒక్క అడుగు వెయ్యలేదు. ఆ స్కోరు ఇక్కడ ఎందుకు పనిచెయ్యదన్నదే విషయంగా రాస్తానంది. శీర్షిక మార్చడానికి తిరిగిన కార్యాలయాల గురించి తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ తలనొప్పి వస్తుంది. అగాయ్ ఈసారి అడ్డం రాలేదు. వెంటబడి సంతకాలు పెట్టించాడు కూడా. కాని ఆమె పరిశోధనను పరీక్షించే సభ రోజున మొదటి వరసలో కూర్చుని మిఠాయిలు నముల్తూనే ఉన్నాడు.

ఆ సభలో గొర్రెల జాతులు మెరుగుపరిచిన ఒక పెద్దమనిషి లేచి, "అయితే అమ్మాయీ, ఇన్నేళ్ళు కష్టపడింది ఇది పనిచెయ్యదని చెప్పడానికా?" అని అడిగాడు.

"పనిచేస్తుందని చెప్పదలుచుకుంటే ఎప్పుడో అయిపోయేదండీ" అంది కమ్షాత్.

వెనక వరసల్లో నవ్వారు. ఆమె నవ్వలేదు. గుట్టలు చూపించింది. మీ అమ్మకు షుగరుందా, మీ నడుము ఎంత అని అడిగితే తెలిసేదాంట్లో సగం కూడా ఈ స్కోరు చెప్పలేదని చూపించింది. మనవాళ్ళ విలువలు మనవాళ్ళ రక్తంలోనే లెక్కగట్టాలని, అందుకు వేలమంది కావాలని, వాళ్ళకు తరువాత జబ్బు వచ్చిందో లేదో ఏళ్ళ తరబడి వెళ్ళి అడుగుతూ ఉండాలని చెప్పింది. డాక్టరేటు ఇచ్చారు. ఒక్క ఓటు వ్యతిరేకంగా పడింది. అది గొర్రెల పెద్దమనిషిదని అందరికీ తెలుసు.

అదే పరిశోధనను ఒక విదేశీ పత్రికకు పంపితే చాలా నెలలకు జవాబు వచ్చింది. పని బాగుందట, అయితే ఇంతకంటే పెద్ద కజఖ్ నమూనాల మీద కూడా పరీక్షించి చూపించాలట. ఇంతకంటే పెద్ద కజఖ్ నమూనాలు ప్రపంచంలో ఎక్కడా లేవు. లేవనే కదా వ్యాసమంతా రాసింది. కమ్షాత్ ఆ జవాబు చదివి, కంప్యూటర్ మూసి, రిమ్మాతో పాటు కూర్చుని క్యారెట్లు తురిమింది. రిమ్మా ఇప్పుడు బజారులో కుర్చీ వేసుకుని అమ్ముతుంది. తీపి మానేసింది, తిట్లు మానలేదు.

చివరికి ఆ పత్రిక కాకపోయినా ఇంకొకటి అచ్చువేసింది. అగాయ్ పదవీ విరమణ చేసి, కొండ కింద తోటలో ఆపిల్ చెట్లకు అంట్లు కట్టుకుంటున్నాడు. కమ్షాత్ ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉండిపోయింది. ఊళ్ళు తిరిగి కొత్త నమూనాలు చేర్చే పని మొదలుపెట్టింది. లెక్కలు చదువుకున్న తను ఇలా పెట్టెలు మోస్తూ తిరుగుతానని ఎన్నడూ అనుకోలేదని విసుక్కుంటూనే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది.

కిందటి శరదృతువులో కిజిలోర్దా నుంచి రైల్లో తిరిగి వస్తోంది. సీటు కింద మంచు గడ్డల పెట్టె ఉంది. పెట్టె అడుగునుంచి నీళ్ళు కారుతున్నాయని రైలు కండక్టరమ్మ వచ్చింది. చేపలు సామాన్ల బోగీలో పెట్టాలంది.

"చేపలు కాదక్కా" అంది కమ్షాత్. "మనుషుల రక్తం."

కండక్టరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. ఎదుటి సీటాయన తినబోతున్న మాంసం సమ్సా పక్కన పెట్టేశాడు. కమ్షాత్ నిట్టూర్చి, లేచి, తన దుప్పటి తీసి పెట్టె చుట్టూ చుట్టింది. తరువాత కండక్టరమ్మకు చోటు చూపించి, ఇద్దరికీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. కండక్టరమ్మ నిలబడే కాసేపు వింది. పక్క బోగీవాళ్ళు టీ కోసం పిలుస్తున్నా కదల్లేదు. చివరికి అంచున కూర్చుని, తన తల్లి కాళ్ళ తిమ్మిర్ల గురించి అడిగింది. రైలు ఏదో చిన్న స్టేషన్‌లో ఆగితే దిగి, ప్లాట్‌ఫాం మీద ఐస్‌క్రీం అమ్మే మనిషి దగ్గర బకెట్ నిండా మంచు గడ్డలు అడిగి తెచ్చి, పెట్టెలో తానే పోసింది.